పేరు లేని ప్రార్థన

మా అమ్మమ్మ సుగుణమ్మ ప్రార్థన మొదలుపెట్టిందంటే బల్ల మీద అన్నం చల్లారిపోవాల్సిందే. ఆమె ఉద్యోగం చేసినన్నాళ్ళూ బాపట్ల ఆస్పత్రిలో ఆయా. దుప్పట్లు మార్చడం, బెడ్‌పాన్లు తీయడం జీతానికి చేసే పని. ఆపరేషన్‌కి వెళ్ళే ప్రతి మనిషి తల మీదా చెయ్యి పెట్టి ప్రార్థన చేయడం సొంత పని. హిందువులైనా, సాయిబులైనా ఎవరూ వద్దనలేదట. "కత్తి కింద పడుకోబోయేవాడు ఏ దేవుణ్ణీ కాదనడే" అంటుంది. ఎవరి కోసం చేసినా చివర్లో మాత్రం ఒకటే మాట: "యేసు నామమున వేడుకుంటున్నాము తండ్రీ, ఆమెన్." ఆ మాట పడితేనే ప్రార్థన గడప దాటుతుందని ఆమె నమ్మకం.

మా అమ్మ ఇక్కడ ఆస్ట్రేలియాలో నర్సుగా చేరాక అమ్మమ్మని కూడా బ్రిస్బేన్ తెచ్చుకుంది. మాది సన్నీబ్యాంక్ బజారు వెనక వీధి. పక్కింటావిడ పేరు రూత్ అని తెలిసిన రోజున అమ్మమ్మ పొంగిపోయింది. మా సంఘంలో రూతమ్మలు, ఎస్తేరమ్మలు, రాహేలమ్మలు కావలసినంతమంది. "మన విశ్వాసేనే" అని తేల్చేసి, క్రిస్మస్‌కి కేకు పట్టుకుని వెళ్ళింది. రూత్ ఆంటీ నవ్వి, తను యూదురాలినని, తమకు ఆ పండగ లేదని చెప్పి, లోపలికి పిలిచి కూర్చోబెట్టి బుట్టెడు నిమ్మకాయలు ఇచ్చి పంపింది. అమ్మమ్మకి అది చాన్నాళ్ళు మింగుడు పడలేదు.

"యేసయ్య పుట్టిన జాతికి యేసయ్య పుట్టినరోజు లేకపోవడమేంటే?"

"నా పుట్టినరోజు నువ్వు మర్చిపోలేదా, అదీ అంతే" అన్నాను. నెత్తి మీద మొట్టింది.

అయినా ఇద్దరికీ స్నేహం కలిసింది. ఇద్దరూ మొగుళ్ళు పోయినవాళ్ళు, ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులు. అమ్మమ్మది ఆస్పత్రి వార్డు ఇంగ్లీషు, కాబట్టి కంచె దగ్గర తర్జుమా నాది. యూనివర్సిటీ చదువు మధ్యలో మానేసి కిరాణా కొట్లో పార్ట్ టైం చేసుకుంటున్న నాకు అదే పెద్ద హోదా.

ఈ చలికాలం రూత్ ఆంటీ గుండెలో ఒక కవాటం పాడైందన్నారు. ఛాతీ తెరిచి మార్చాలట. ఆపరేషన్‌కి రోజు కుదిరిన తర్వాత ఒక ఉదయం ఆమె కంచె దగ్గరికి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"పొద్దున్నే నీ గొంతు నా వంటింట్లోకి వినిపిస్తుంది సుగుణా. ఒక్క ముక్క అర్థం కాదు. కానీ ఎదురుగా ఎవరో కూర్చుని వింటున్నట్టే మాట్లాడతావు. మంగళవారం నన్ను లోపలికి తీసుకెళ్ళే ముందు నా పక్కన నిలబడి అలా మాట్లాడతావా? నాకు భయంగా ఉంది."

నేను తెలుగులో చెప్పీ చెప్పకముందే అమ్మమ్మ ఆమె చేతులు పట్టేసుకుంది. "తప్పకుండా. మాటిస్తున్నాను."

"ఒక్కటే కోరిక. ఆయన పేరు మీద మాత్రం వద్దు."

అది కూడా చెప్పాను. అమ్మమ్మ నా వైపు కోపంగా చూసింది. "ఒసేయ్ అమ్మూ, సరిగ్గా చెప్పు. నీ వేషాలు ఇక్కడ కాదు."

"వేషాలు కాదు అమ్మమ్మా. ఆవిడ నిజంగానే అంది."

అప్పటికే మాట ఇచ్చేసింది.

ఇక ఇంట్లో మాకు తిండి సరిగ్గా దొరికితే ఒట్టు. పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. సింకు దగ్గర నిలబడి పేరు లేకుండా ప్రార్థన ముగించడం సాధన చేసేది. "...వేడుకుంటున్నాము తండ్రీ" దాకా వచ్చి, చీకట్లో మెట్టు ఉందనుకుని కాలు వేసినదానిలా తూలి ఆగిపోయేది. మా ప్రార్థన కూటం నడిపే దీపక్ అంకుల్‌కి ఫోన్ చేసింది.

"ఆ నామం లేకుండా తండ్రి దగ్గరికి దారి లేదు కదా ఆంటీ" అన్నాడాయన నెమ్మదిగా. "ఆవిడకి సువార్త చెప్పడానికి దొరికిన అవకాశమేమో ఆలోచించండి."

"మాటిచ్చానయ్యా."

"పోనీ పైకి అనకండి. మనసులో అనుకోండి."

నా దగ్గర అంతకన్నా సులువైన ఉపాయం ఉంది. "తెలుగులో అంటే ఆవిడకేం తెలుస్తుంది? గబుక్కున అనేసెయ్ అమ్మమ్మా."

"ఆవిడ నన్ను నమ్మి కళ్ళు మూసుకుంటుందే. అప్పుడు ఆవిడ పర్సులో చెయ్యి పెట్టమంటావా?" అంది. కాసేపటికి గొంతు తగ్గింది. "పేరు చెప్పకపోతే ప్రార్థన పైకి పోదు. పోకపోతే, ఆవిడకేమన్నా అయితే? ఎవరిదే ఆ పాపం?"



ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీర కూడా మార్చకుండా నన్ను వెంటబెట్టుకుని పక్కింటికి వెళ్ళింది. రూత్ ఆంటీ ఆస్పత్రికి సంచి సర్దుకుంటోంది. అమ్మమ్మ కూర్చోకుండానే అడిగింది, "ఆయన మీద మీకు అంత కోపమేంటి?"

"కోపమా?" రూత్ ఆంటీ ఆశ్చర్యపోయింది. "ఆయన మావాడే. యూదు తల్లి కొడుకు. మా సమాజమందిరాల్లో మా ప్రార్థనలే చేశాడు. మంచి బోధకుడు అనేవాళ్ళు మాలో ఉన్నారు. అసలు తలుచుకోనివాళ్ళే ఎక్కువ. కానీ మాకు దేవుడు ఒక్కడే. ఆయనకి రూపం లేదు, కొడుకు లేడు. ఏ మనిషినీ దేవుడని మేం అనలేం."

"లోకానికి రక్షకుడు వస్తాడని మీరే కదా చెప్పింది?"

"వస్తాడనే చెప్పాం. ఆయన వస్తే యుద్ధాలు ఆగిపోవాలి. పొద్దున వార్తలు చూశావా?"

అమ్మమ్మ చూసింది.

"కాబట్టి ఇంకా రాలేదు. మేం ఎదురుచూస్తూనే ఉన్నాం."

"మరి మధ్యలో ఎవరూ లేకుండా మీ ప్రార్థన ఎట్లా పోతుంది?"

"నేరుగా పోతుంది. పిల్లలు తండ్రితో మాట్లాడటానికి మధ్యలో మనిషెందుకు?" అంది. మడుస్తున్న శాలువాని ఒళ్ళో పెట్టుకుంది. "మా నాన్న చిన్నప్పుడు పోలండ్‌లో ఆ పేరు చెప్పుకుంటూనే జనం వాళ్ళ తలుపులు పగలగొట్టారు. అది యేసు చేసిన తప్పు కాదని నాకూ తెలుసు. అయినా లోపలికి వెళ్ళేటప్పుడు నా చెవిలో పడే చివరి మాట అది కాకూడదు సుగుణా."

అమ్మమ్మ కొంగుతో నోరు తుడుచుకుంది. "మా అమ్మ పోయేటప్పుడు ఆమె చెవిలో నేను చెప్పిన చివరి మాట అదేనే" అంది నాతో. నేను ఇంగ్లీషు వెతుక్కుంటుంటే, "అది చెప్పకు" అని మోచెయ్యి పట్టుకుంది. తర్వాత అడిగింది, "మరి మీవాళ్ళు జబ్బుమనిషి కోసం ఎట్లా అడుగుతారు?"

"తల్లి పేరు చెప్పి అడుగుతాం. బేలా కూతురు రూత్‌ని బాగుచెయ్యమని."

మంగళవారం ఆస్పత్రిలో రూత్ ఆంటీ స్ట్రెచర్ మీద పడుకుని ఉంది. నీలం టోపీ కింద మొహం ఇంత చిన్నదైపోయింది. పెర్త్‌లో ఉండే కొడుకు ఎక్కాల్సిన విమానం ఆలస్యమైంది. అమ్మమ్మ టోపీ మీద చెయ్యి పెట్టింది. తెలుగులోనే మొదలుపెట్టింది. డాక్టరు చేతుల గురించి చెప్పింది, కొత్త కవాటం గురించి, విమానం గురించి, నిమ్మకాయల గురించి కూడా. రూత్ ఆంటీ కళ్ళు మూసుకుని వింటోంది. చివరికి, "బేలమ్మ కూతురు రూతమ్మని నీ చేతుల్లో పెట్టి వేడుకుంటున్నాము తండ్రీ..." అని ఆగింది.

నేను ఆమె పెదవుల వంకే చూస్తున్నాను. అవి తెరుచుకున్నాయి. జీవితమంతా ఆ మాట తర్వాత వచ్చే మాట అక్కడే ఉంది. నర్సు గడియారం చూసుకుంది. అమ్మమ్మ పెదవులు మళ్ళీ మూసుకున్నాయి. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

ఆ నిశ్శబ్దం రూత్ ఆంటీకి ఏమనిపించిందో, కళ్ళు తెరవకుండానే, "ఆమెన్" అంది. స్ట్రెచర్ కదిలిపోయింది.

వెయిటింగ్ రూంలో అమ్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఇలాంటప్పుడు ఆమెకి తెలిసిన పని ఒక్కటే. ఇప్పుడు అదీ లేదు. టీ తెస్తే తాగలేదు. డాక్టర్లు చెప్పిన సమయం దాటిపోయింది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడుతోంది.

"ఇప్పుడు ఆవిడకి వినబడదు కదా, చేసుకో" అన్నాను. ఈసారి ఆటపట్టించడానికి కాదు.

"కత్తి కింద ఉన్న మనిషికి వెనక నుంచి మాట తప్పనా? బయటికి రానీ. తర్వాత నా గొడవేదో నేను చూసుకుంటాను."

"రాకపోతే?"

నన్ను కొట్టడానికి చెయ్యి ఎత్తి, మధ్యలోనే దించేసింది. అలా అడిగి ఉండాల్సింది కాదు.

మధ్యాహ్నం దాటాక కొడుకు పెర్త్ ఎయిర్‌పోర్ట్ నుంచి నాకు ఫోన్ చేశాడు. సర్జన్ ఇప్పుడే మాట్లాడాడని, కవాటం బాగా అమరిందని, అమ్మ క్షేమమని చెప్పాడు. అమ్మమ్మకి చెబితే నోటి మీది కొంగు తీసి, చల్లారిపోయిన టీ ఒక్క గుక్కలో తాగేసింది. కారు దాకా నా భుజం పట్టుకునే నడిచింది.

సీటు బెల్టు పెట్టి తాళం తిప్పబోతుంటే, "ఆగు" అంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"యేసయ్యా, నీ పేరు ఎత్తలేదు. వద్దన్నది పరాయివాళ్ళు కాదు, మీ అమ్మ తరఫువాళ్ళే. మాటిచ్చాను కాబట్టి ఊరుకున్నాను. నన్నేమీ అనకు."

చివాట్లకి సిద్ధపడి కూర్చున్న బడిపిల్లలా మెడ కొంచెం వంచి అలాగే ఉండిపోయింది. మా వెనక ఎవరో చోటు కోసం కారు ఆపి హారన్ కొట్టారు.

"పోదామా అమ్మమ్మా?"

"ఉండవే" అంది కళ్ళు తెరవకుండానే. "ఆయన ఇంకా ఏమీ అనలేదు."