చైనా అడవి మీద నాలుగు పేజీల రిపోర్టు

ఆ రోజుల్లో కువైట్‌లో పనిచేసే మాబోటివాళ్ళందరికీ పాస్‌పోర్టు ఉండేది. మా దగ్గర ఉండేది కాదు, అంతే. విమానం దిగిన రోజునే కఫీల్ (అంటే మనల్ని అక్కడికి రప్పించుకున్న యజమాని, వీసా ఆయన పేరు మీద, మన మంచిచెడ్డలు ఆయన దయ మీద) దాన్ని తీసుకుని ఇనప్పెట్టెలో పెట్టించేవాడు. మళ్ళీ రెండేళ్ళకు సెలవు మీద ఊరికి వెళ్ళేటప్పుడే దాని దర్శనం. ఇందులో మాకెవరికీ వింత కనిపించేది కాదు. బడిలో హెడ్మాస్టరు దగ్గర టీసీ ఉన్నట్టే ఇక్కడ కఫీల్ దగ్గర పాస్‌పోర్టు ఉంటుంది, మన దగ్గరుంటే పోగొట్టుకోమూ అనుకునేవాళ్ళం. ఈ ఏర్పాటు మీద నాకెంత గౌరవం ఉండేదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ఒక దేశం మీద ఇంకో దేశం సైన్యం వచ్చిపడిన ఉదయం, ట్యాంకుల పక్కనుంచి నడుచుకుంటూ వెళ్ళి, చేతిలో భద్రంగా ఉన్న నా పాస్‌పోర్టును నేనే ఆఫీసు పెట్టెలో పెట్టించి, తాళం వేయించి వచ్చాను. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. డిగ్రీ కూడా చదివాను.

అసలా పాస్‌పోర్టు నా చేతికి ఎలా వచ్చిందంటే, చైనా వల్ల. అల్ రాయ్‌లో మా కఫీల్‌కు కలప గోడౌన్ ఉండేది, ఆఫీసూ అందులోనే. దాన్ని నడిపేది ఈజిప్టు నుంచి వచ్చిన మేనేజరు. అరబ్బీలో మేనేజరును ముదీర్ అంటారు గనక మేమంతా ఆయన్ని ముదీర్ అనే పిలిచేవాళ్ళం. చైనా ఈశాన్య మూలన, రష్యా సరిహద్దుకు దగ్గర్లో, ఒక చిన్న అడవి ఊళ్ళో పైన్ కలప చవగ్గా దొరుకుతుందని ఆయనకు తెలిసింది. వెళ్ళి చూసి రావాల్సిన కఫీల్ గారి మేనల్లుడు, అక్కడ చలి అని విని నడుం నొప్పి తెచ్చుకున్నాడు. ముదీర్ నన్ను పిలిచాడు. నేను కడప కాలేజీలో బోటనీ చదివానని ఆయన ఫైల్లో ఉంది. "నువ్వు చెట్లు చదివావు. కలప చెట్లలోంచి వస్తుంది. ఖలాస్," అన్నాడు. అంతకంటే బలహీనమైన కారణాల మీద మనుషులకు పెద్దపెద్ద ఉద్యోగాలు ఇవ్వడం ఆ తర్వాత చాలా చూశాను గానీ, అప్పటికి మాత్రం అదే నాకు పరమాశ్చర్యం.

ఖైతాన్‌లో నాతో గది పంచుకునే మామ (మా అమ్మ తమ్ముడు, అహ్మదిలో ఒక కాంట్రాక్టరు దగ్గర డ్రైవరు) సంగతి విని, ఎవరి దగ్గరో ఒక ఉన్ని కోటు అడిగి తెచ్చాడు. చైనా అంటే మంచు దేశమేనని ఆయన నమ్మకం. నేను వెళ్ళింది జూలై నెల. హార్బిన్ నుంచి ఒక పగలంతా రైల్లో వెళ్ళాను. కిటికీ బయట తెల్లని భూర్జ చెట్లు, వాటి వెనక నల్లటి పైన్ చెట్లు, వాటి వెనక ఇంకా చెట్లు. చుట్టుపక్కల వాళ్ళంతా పొట్టిచేతుల బనియన్లతో విసనకర్రలు ఊపుకుంటున్నారు. నేను ఉన్ని కోటులో కూర్చున్నాను. విప్పితే చేత్తో మోయాలి, మోస్తే మామ నమ్మకం తప్పని ఒప్పుకున్నట్టు. పైగా కోటు లోపలి జేబులో పాస్‌పోర్టు ఉంది. రెండేళ్ళ తర్వాత చేతికి వచ్చిన ఆ పుస్తకాన్ని నేను గంటకోసారి తీసి, అందులోని నా మీసాన్ని చూసుకుని, మళ్ళీ పెట్టుకుంటున్నాను.

ఊరు చిన్నది. నది, నది మీద తేలుతున్న దుంగలు, వీధి చివరికి వెళ్తే చాలు అడవి. గాలి పీలిస్తే కొత్త పెన్సిలు చెక్కిన వాసన. అటవీ శాఖ పెద్దమనిషి ఒకాయన నాకు ఆతిథ్యం ఇచ్చాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, నాకు చైనీసు రాదు, మధ్యలో ఒక దుభాషి అమ్మాయి. నేను కువైట్ కంపెనీ మనిషిని గనక వాళ్ళు నన్ను అరబ్బుగానే లెక్కవేసుకున్నారు. కాదండీ, నాది ఇండియా, కడప అని మూడు నిమిషాలు వివరించాను. ఆ అమ్మాయి దాన్ని రెండు ముక్కల్లో తేల్చేసింది. పెద్దమనిషి సంతోషంగా తలూపి, నన్ను ఊళ్ళో ఉన్న ఒకే ఒక ముస్లిం హోటలుకు తీసుకెళ్ళాడు. అక్కడ జరిగిన అన్యాయం ఇన్నేళ్ళయినా మరిచిపోలేను. మందు దొరకని కువైట్‌లో రెండేళ్ళు గడిపి, చైనా బీరు గురించి దారిపొడుగునా ఊహించుకుంటూ వెళ్ళినవాణ్ణి. అందరి ముందూ సీసాలు పెట్టారు. నా మతాచారానికి భంగం కలగకూడదని నా ముందు ఆరెంజి సోడా పెట్టారు. రెండు దేశాల స్నేహం కోసం, కలప కోసం, అడవి కోసం, నా ఆరోగ్యం కోసం వాళ్ళు లేచి నిలబడి గ్లాసులు ఖాళీ చేస్తుంటే నేనూ లేచి ఆరెంజి సోడా తాగాను. ఆ వారం మొత్తం మీద నా నాలుక నారింజ రంగుకు తిరిగింది.

కలప చూడటం అన్న అసలు పని ఇంకో చిక్కు. బోటనీలో మాకు చెట్లన్నీ పుస్తకంలో రెండంగుళాల బొమ్మలు. ఇక్కడ దుంగ నా భుజం దాకా ఉంది. ఏం చేయాలో తోచక, మార్కెట్లో పుచ్చకాయ కొనేటప్పుడు చేసినట్టు వేళ్ళ కణుపులతో టకటకా కొట్టి, చెవి పెట్టి విని, తలూపాను. పెద్దమనిషి కూడా చెవి పెట్టి విని, తలూపాడు. ఆ సాయంత్రానికి అరబ్బు దేశం నుంచి చాలా అనుభవజ్ఞుడు వచ్చాడని ఊరంతా తెలిసిపోయింది. మీ దేశంలో అడవి ఎంత ఉందని ఆయన అడిగితే, కువైట్ గౌరవం నా చేతిలో ఉంది గనక కాసేపు ఆలోచించి, మా ఆఫీసు ముందు ఒక రేగు చెట్టు ఉందని చెప్పాను. దుభాషి అమ్మాయి ఏమని తర్జుమా చేసిందో గానీ, ఆయన నా చేతులు రెండూ పట్టుకుని ఓదార్చాడు.

ఆ అమ్మాయికి చూపు ఎక్కువ. గెస్ట్‌హౌసులో నా పాస్‌పోర్టు రిజిస్టరులో రాసుకోవడానికి తీసుకున్నప్పుడు, అది తిరిగొచ్చేదాకా నేను కౌంటరు దగ్గర్నుంచి కదలకపోవడం ఆమె గమనించింది. సంగతేమిటంది. చెప్పాను. ఈ కఫీల్ వ్యవహారం కడపలో ఎవరికి చెప్పినా అరగంట పట్టేది. ఆమెకు అరనిమిషం చాలింది.

"నా కాగితాలు కూడా మా ఆఫీసు అల్మారాలోనే ఉంటాయి," అంది. "ఏం రాశారో నేనెప్పుడూ చూడలేదు."

"మరి మీకేమైనా అవసరమైతే?"

"తాళంచెవి ఎవరి దగ్గరుందో ఆయన భార్యకు పండగలకు పుట్టగొడుగులు పంపిస్తాను."

ఆ సలహాను అప్పుడు నవ్వుతూ విన్నాను.

తిరుగు ప్రయాణం బొంబాయి మీదుగా. బొంబాయి ఎయిర్‌పోర్టులో నాలుగు గంటలు కూర్చున్నాను. చేతిలో పాస్‌పోర్టు, కాళ్ళ కింద సొంత దేశం. టీ తాగి, బాధ్యతగా కువైట్ విమానం ఎక్కాను. దిగింది ఆగస్టు ఒకటో తేదీ సాయంత్రం. (ఈ నాలుగు గంటల గురించి మామ ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగాడో లెక్కలేదు.)

మా ఆఫీసులో నిబంధన ఏమిటంటే, పరదేశం నుంచి వచ్చినవాడు మర్నాడు ఉదయమే పాస్‌పోర్టూ ప్రయాణం రిపోర్టూ ఒప్పజెప్పాలి. మర్నాడు తెల్లవారుతుండగా దూరంగా పెద్ద చప్పుళ్ళు. సైన్యం ఏదో కసరత్తు చేస్తోందని మామ అటు తిరిగి పడుకున్నాడు. ఏడింటికి కంపెనీ వ్యాను రాలేదు. ఆలస్యమైతే ముదీర్ ఊరుకోడని నేను నడిచి బయల్దేరాను. నాలుగో రింగు రోడ్డు మీద ఒక ట్యాంకు ఆగి ఉంది. పైనున్న సైనికుడు నాకంటే చిన్నవాడు, నన్ను పిలిచి ఇది ఏ వీధి అని అడిగాడు. చెప్పాను. ధన్యవాదాలు చెప్పాడు. ఎక్కడో ఏదో తేడాగా ఉందని నాకు అప్పుడు అనిపించింది గానీ, ఎనిమిది అవుతోంది.

ఆఫీసులో ముదీర్ ఒక్కడే ఉన్నాడు. ఇనప్పెట్టె తెరిచి తన కాగితాలు సంచిలోకి సర్దుకుంటున్నాడు. నేను సలాం చెప్పి పాస్‌పోర్టు చాచాను. ఆయన దాన్నీ నన్నూ మార్చిమార్చి చూశాడు. ఇరవై ఏళ్ళ అలవాటు చెయ్యి చాచింది. తీసుకున్నాడు, పెట్టెలో పెట్టాడు, తాళం వేశాడు.

"రిపోర్టు?" అన్నాడు.

"శనివారం ఇస్తాను సార్," అన్నాను.

గదికి వచ్చేసరికి మామ రేడియో ముందు కూర్చుని ఉన్నాడు. అప్పుడు తెలిసింది మొత్తం. నేను ఎక్కడికి వెళ్ళొచ్చానో విన్నాక ఆయన రేడియో ఆపేశాడు.

"ఊర్లో జనమంతా పాస్‌పోర్టు యాడుందో అని కొట్టుకుంటాంటే, చేతిలో ఉండేదాన్ని తీస్కపోయి ఇచ్చొస్తివా?"

"రూలు కదా మామా."

"రూలు పెట్టినోడు యాడుండాడు?"

"కఫీలా? సౌదీకి పోయినాడంట, ముదీర్ అన్నాడు."

"ఆ. వాడు పాయ. వాని రూలు మాత్రం నీ కాడ్నే ఉండాది."

రెండు మూడు వారాలకు జనం కదలడం మొదలుపెట్టారు. బస్సుల్లో బస్రా, బాగ్దాదు మీదుగా జోర్డాన్, అక్కణ్ణుంచి విమానంలో బొంబాయి. మామ కంపెనీ వాళ్ళు ఎవరి పాస్‌పోర్టు వాళ్ళకు ఇచ్చేశారు, అహ్మది నుంచి బయల్దేరే బస్సులో ఆయనకు రెండు సీట్లు దొరికాయి. ఎల్లుండి ప్రయాణం. పాస్‌పోర్టు లేనివాళ్ళకు మన ఎంబసీలో వేరే కాగితం ఇస్తున్నారని విని వెళ్ళాను గానీ, ఆ వరుస తల ఎక్కడుందో కూడా కనిపించలేదు. నువ్వు పో మామా, నేను తర్వాత బస్సులో వస్తానన్నాను. "మీ అమ్మ ముందర నన్ను ఒక్కన్నే నిలబడమంటావా? దానికంటే ఈ ట్యాంకులే మేలు," అని ఆయన సంచి విప్పేశాడు. నేను కదిలితే గానీ ఆయన కదలడు. నేను కదలాలంటే పెట్టె తెరవాలి. పెట్టె తాళంచెవి ముదీర్ దగ్గరుంది, ముదీర్ సబా అల్ సలేంలో తన ఇంట్లో ఉన్నాడు.

ఇద్దరం వెళ్ళాం. అడవి నుంచి నేను తెచ్చిన ఎండు పుట్టగొడుగుల పొట్లం కూడా తీసుకెళ్ళాను. చదువుకున్న అమ్మాయి సలహా, వృథా కాకూడదు. ముదీర్ భార్యాపిల్లలు వేసవి సెలవులకు కైరో వెళ్ళి ఉన్నారు. ఒక్కడే ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెళ్ళడానికి ఆఫీసు లేక, బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. పొట్లం తీసుకుని, వాసన చూసి, పక్కన పెట్టి, నేను వచ్చిన పని విన్నాడు. తర్వాత సొరుగులోంచి నాలుగు తెల్లకాగితాలు తీసి నా ముందు పెట్టాడు.

"ముందు రిపోర్టు. శనివారం అన్నావు. మూడు శనివారాలు వెళ్ళిపోయాయి."

మామకు ఇంగ్లీషు రాదు గానీ కాగితాలు చూసి అర్థం చేసుకున్నాడు. "రాయి అల్లుడూ. ఈయప్పకు కూడా పిచ్చి పట్టినట్టుండాది, ఎదురు చెప్పాకు," అని గుమ్మం దగ్గర చతికిలపడ్డాడు. నేను పెన్ను పట్టుకున్నాను. ఎంత రాసుకుని వచ్చానో నాకు తెలుసు. ఏమీ రాసుకుని రాలేదు. తేమ శాతం అన్న చోట, రోజూ మధ్యాహ్నం వాన పడుతుంది అని రాశాను. ముడులు, పగుళ్ళు అన్న చోట, కొట్టి చూస్తే శబ్దం బాగుంది అని రాశాను. రెండు పేజీలు మిగిలాయి. ఇక లాభం లేదని అక్కడ చూసిందంతా రాశాను. భూర్జ చెట్లు, నది మీద దుంగలు, వాటి మీద చెప్పుల్లేకుండా గెంతుతూ పోయే మనుషులు, పెన్సిలు వాసన, కొండ ఎక్కి చూస్తే కనిపించే ఆకుపచ్చ. రాస్తుంటే బయట వీధిలో ఏదో బరువైన బండి వెళ్ళి, బల్ల మీద గ్లాసు గలగలమంది. ముదీర్ గ్లాసును చేత్తో పట్టుకుని, రాయమని సైగ చేశాడు.

చదివాడు. మొదటి పేజీ మీద ఎర్ర పెన్నుతో రెండు చోట్ల గీశాడు. "ఇది రిపోర్టు కాదు. నువ్వు చేసుకోబోయే పిల్లకు రాసిన ఉత్తరం," అన్నాడు. ఆఖరి పేజీ దగ్గర మాత్రం ఆగిపోయాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"ఎంత దూరం ఉంటాయి ఈ చెట్లు?"

"ఎంత దూరం చూస్తే అంత దూరం సార్."

"ఇరవై ఏళ్ళుగా కలప అమ్ముతున్నాను," అన్నాడు. "అడవి చూడలేదు."

ఆయన కాసేపు కిటికీ వైపు చూసి, కాగితం అడుగున తేదీ వేసి, సంతకం పెట్టి, రెండు కంటెయినర్లు ఆర్డరు వేయవచ్చు అని రాసి, ఫైల్లో పెట్టాడు. కువైట్‌లో ఆ రోజు రొట్టె దొరకడమే గగనంగా ఉంది. "యల్లా, పదండి," అని లేచాడు.

గోడౌన్ తలుపులు పగలగొట్టి ఉన్నాయి. సైన్యానికి మా బండ్లు పనికొచ్చాయి, ప్లైవుడ్ పనికి రాలేదు. చెక్కముక్కల గుట్ట వెనక ఇనప్పెట్టె అలాగే ఉంది. అందులో నాదొక్కటే కాదు, నాతో పనిచేసే మావాళ్ళవి పదకొండు పాస్‌పోర్టులు. ఒక్కోదానికీ నాచేత సంతకం పెట్టించుకుని, ఎవరిది వాళ్ళకు చేర్చమని ఇచ్చాడు. తర్వాత ఖాళీ పెట్టెకు తాళం వేసి, పడిందో లేదోనని రెండుసార్లు లాగి చూశాడు. "అతను మనతో రాడా?" అని మామ నాచేత అడిగించాడు. ఈజిప్టు వాళ్ళ బస్సులు వేరేనని చెప్పి, ఆయన మామ చేతిని రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. బస్సెక్కిన మూడో రోజుకు మేము ఎడారిలో ఒక గుడారం కింద నీళ్ళ కోసం వరుసలో ఉన్నాం, పదిహేనో రోజుకు బొంబాయిలో.

కువైట్ మళ్ళీ కువైట్ అయి, కొత్త వీసా వచ్చేసరికి ఏడాదిన్నర పట్టింది. మామ మాత్రం ఇక రానని రాయచోటిలో జీపు కొనుక్కున్నాడు. నేను వెళ్ళాను. ఎయిర్‌పోర్టుకు ముదీర్ స్వయంగా వచ్చాడు. సన్నబడ్డాడు, జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూడగానే నవ్వి చెయ్యి చాచాడు. నేనూ చెయ్యి చాచి ఆయన చెయ్యి పట్టుకుని ఊపాను, ఊపి వదిలాను. ఆయన చెయ్యి ఇంకా అలాగే చాచి ఉంది.

జేబులోంచి పాస్‌పోర్టు తీసి అందులో పెట్టాను. ఈసారి మాత్రం రసీదు అడిగాను. ఆయన నొచ్చుకోలేదు, పైగా మెచ్చుకున్నాడు. ఇద్దరం మెట్ల మీద నిలబడి కాగితం కోసం జేబులన్నీ వెతుక్కున్నాం. చివరికి విమానం టికెట్టు వెనక, ఒక పాస్‌పోర్టు, మంచి స్థితిలో, ముట్టింది అని రాసిచ్చాడు. ఇప్పుడు తలుచుకుంటే, ఆ మెట్ల మీది కుర్రాణ్ణి పిలిచి నాలుగు చీవాట్లు పెట్టాలనిపిస్తుంది. కానీ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుంటున్నప్పటి వాడి మొహం గుర్తొస్తే నోరు రాదు. పాపం, యుద్ధం నుంచి ఏదో నేర్చుకున్నాననే అనుకుంటున్నాడు.