ఉడికిన ముగ్గు

ఆ ఆదివారం తెల్లవారాక కారు షెడ్డు ముందు ముగ్గు వెయ్యడానికి వంగాను. లోపల్నుంచి సన్నటి తడి ఒకటి గడప దాకా పాకి వచ్చి ఉంది. ఏసీ నీళ్ళేమో అనుకుని దాని మీదే పిండి వదిలాను. గీత చుర్రుమంది. బుసబుసా నురగ లేచి, నేను వేసిన గీత నా కళ్ళ ముందే ఉడకడం మొదలుపెట్టింది.

నలభై ఏళ్ళుగా ముగ్గులు వేస్తున్నదాన్ని. వానకి కొట్టుకుపోవడం చూశాను, కుక్కలు తొక్కెయ్యడం చూశాను గానీ, ఉడకడం ఎప్పుడూ చూడలేదు. చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

ధైర్యం తెచ్చుకుని లైటు వేస్తే సంగతి తెలిసింది. ఇన్వర్టరుకి కొత్త బ్యాటరీ వేయించాక పాతదాన్ని మావారు షెడ్డు మూల పెట్టారు. పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యండి మహాప్రభో అని ఏడాదిగా మొత్తుకుంటున్నాను, వింటేగా! అదిప్పుడు ఒరిగి, పగిలి, లోపలి యాసిడ్డంతా కక్కేసింది. దాన్ని ఆనుకునే కారు వెనక బంపరు ఉంది. స్టీలు ప్లాంటులో ముప్పై ఏళ్ళు క్రేను నడిపిన మనిషి, నిన్న సాయంత్రం సొంత షెడ్డులో కారు పెడుతూ బ్యాటరీని గుద్దేశారంటే నమ్మబుద్ధి కాలేదు.

వంటసోడా చల్లాలని తెలుసు. ఇంట్లో ఉన్నది చెంచాడు. ముగ్గుపిండి మాత్రం డబ్బా నిండా ఉంది, సున్నపురాతి పిండే కదా, అదీ యాసిడ్డుని విరిచేస్తుందిలే అని చేతులకి పాలిథిన్ కవర్లు తొడుక్కుని అదే గుప్పిళ్ళతో చల్లాను. నురగ పొంగి పొంగి అణిగింది. ఎందుకైనా మంచిదని పొడిగా ఉన్నట్టు కనిపించిన చోట కూడా చల్లాను.

అక్కడ ఒక బొటనవేలు లేచింది.

తర్వాత నాలుగు వేళ్ళు, మడమ. తెల్లటి నురగతో ఒక పాదం నేల మీద పొంగి, చిటపటలాడి, అణిగిపోయింది. ఇంకో గుప్పెడు చల్లితే దాని ముందు రెండోది వచ్చింది. కృష్ణాష్టమికి ఇదే పిండితో గడప నుంచి లోపలికి పాదాలు వేస్తాను. ఇవి నేను వెయ్యకుండానే ఇంట్లోకి నడుస్తున్నాయి.

మా మనవరాలు గానీ తొక్కిందేమోనని భయపడ్డాను. రెండో తరగతి చదువుతోంది, శనివారం రాత్రి మా దగ్గరే పడుకుంటుంది, టిఫిను తినగానే తాత కారులో భీమిలి బీచికి వెళ్ళాలని వారం నుంచీ ఒకటే గోల. కానీ ఈ పాదాలు పెద్దవి. చల్లుకుంటూ వెళ్ళాను. ఒక్కోటీ పలచబడుతూ వరండాలో పడక్కుర్చీ దగ్గర ఆగిపోయాయి.

కుర్చీలో మావారు కాలు మీద కాలు వేసుకుని హాయిగా పేపరు చదువుకుంటున్నారు. లుంగీ అంచు చిల్లులు పడి ఉంది. అరికాలు తెల్లగా ముడతలు పడి, వేళ్ళ సందుల్లో తోలు లేచి ఎర్రగా కనిపిస్తోంది.

"ఏటే, పొద్దున్నే దెయ్యాన్ని సూసినట్టు అలా సూత్తన్నావ్?" అన్నారు నవ్వుతూ.

"యాసిడ్డు తొక్కేరండీ! మంట లేదా?"

"నానా? నాను తొక్కేనా?" కాలు రెండు చేతులతో ఎత్తి, ఎవరిదో కాలు చూసినట్టు చూసుకున్నారు. "ఇందాక కారు తుడవడానికి ఎల్లేను. అక్కడ తడేటీ లేదే!"

పోయిన నెల పూర్ణా మార్కెట్టు నుంచి ఒంటి చెప్పుతో ఇంటికొచ్చారు. రెండోది ఎక్కడ జారిపోయిందో ఆయనకే తెలీదు. మతిమరుపు ముసలాడని నేనూ మనవరాలూ పడీపడీ నవ్వాం. పన్నెండేళ్ళ షుగరు, పాదాల్లో స్పర్శ పోతుంది జాగ్రత్త అని డాక్టరు చెప్పిన మనిషిని చూసి నవ్వాను. నా నవ్వు తగలబడ!

రెక్క పట్టుకుని పెరటి కుళాయి దగ్గర కూర్చోబెట్టి, పైపు తిప్పి కాళ్ళ మీద వదిలాను. అప్పుడు తట్టింది నాకు.

"మరి బ్రేకు ఎలా తొక్కుతున్నారు?"



"సూసుకునే తొక్కుతన్నానే. కాలు ఎక్కడుందో ఓసారి కిందకి సూసుకుని."

"నిన్న సాయంత్రం?"

"నిన్న... తొక్కేననే అనుకున్నాను."

రోజూ ఆ పిల్లని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, గాజువాక రోడ్డు మీద లారీల మధ్య స్కూలుకి తీసుకెళ్ళే మనిషి! తిట్టాలని నోరు తెరిచాను, ఏడుపొచ్చింది.

ఇంతలో మనవరాలు బంతి పట్టుకుని పెరట్లోకి వచ్చింది. "తాతా, కారెక్కెయ్యనా?"

"బస్సులో ఎల్దురుగానిలే అమ్మా, నువ్వూ మామ్మా," అన్నారు. చొక్కా జేబులోంచి కారు తాళం తీసి నా చేతిలో పెట్టారు. పిల్ల మూతి ముడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నేను నీళ్ళు ఆపలేదు. ఆయన తన పాదాలకేసే చూస్తూ, చాలా చిన్న గొంతుతో అడిగారు.

"నీల్లు సల్లగున్నాయా, ఏడిగున్నాయా?"

"చల్లగా ఉన్నాయండీ," అన్నాను.