గీత లాగిన చెయ్యి
ఫ్యాక్టరీలో బోర్డులు రాసే పెయింటరు తాతకి అరవై దాటాయి. అయిదో క్లాసుతో బడి మానేసినా, ఇంగ్లీషు మాటల్ని కలిపే చిన్న అడ్డగీత, హైఫన్, ఎక్కడ పడాలో ఆయన్నే అడుగుతారు. ఈమధ్య చెయ్యి వణుకుతోంది. అక్షరాల వంపుల్లో వణుకు దాక్కుంటుంది గానీ, అంగుళం గీతలో దాక్కోదు.

నిన్న తలుపు మీద ఇంగ్లీషులో ‘ఫస్ట్ ఎయిడ్ రూమ్’ అని రాసి, మొదటి రెండు మాటల మధ్య గీతకు చోటు వదిలి ఆగాడు. వెనకే మేనేజరు. “గీత మానెయ్ తాతా. అది లేకపోతే దెబ్బ తగిలినోడికి కట్టు కట్టరా ఏంటి? చేతకాకపోతే చెప్పు, రేపట్నుంచి స్టిక్కర్లవాణ్ణి పెట్టుకుంటా.” తాత వెనక్కి తిరగలేదు. “మందుల పెట్టె మీద ఉత్త ‘ఫస్ట్ ఎయిడ్’ అని రాస్తే గీత అక్కర్లేదు సార్. ఇక్కడ ఆ రెండు మాటలూ కలిసి వెనకున్న ‘రూమ్’ అన్న మాటకి చాకిరీ చేస్తున్నాయి. చేతులు కలపాల్సిందే.” ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్క లాగు లాగాడు. గీత దారం పట్టి గీసినట్టు వచ్చింది. మేనేజరు కళ్ళు చికిలించి వెతికాడు, వంక దొరకలేదు. “సరే, గేటు బోర్డు కూడా నువ్వే రాయి.” తాత బ్రష్ తుడుచుకుంటూ అన్నాడు: “నేను కాక ఇంకెవడు రాస్తాడు సార్?”