ఇఫ్‌తో మొదలైన వాక్యం

హిందూపురంలో మా మేడ మీదికి, బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే ఆడపిల్లలు ఆదివారాలు ఇంగ్లీషు నేర్చుకోవడానికి వస్తారు. మొన్న పాత పాఠాలన్నీ తిరగేస్తూ, జరగనిదాన్ని గురించి చెప్పే వాక్యాల దాకా వచ్చాం. ‘ఇఫ్’తో మొదలుపెట్టి, వెనక ‘వుడ్ హావ్’ అని రాసేవి. సోమందేపల్లి నుంచి వచ్చే పిల్ల లేచి, “జరగనే లేదు గదా మేడం, దానికి ఇంత గ్రామర్ ఎందుకు?” అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఉత్తరాల కోసం ఎదురుచూసిన తరం మనది గనుక మీకు చెప్పుకుంటున్నాను. అప్పుడు మేము ధర్మవరంలో ఉండేవాళ్ళం. నాయన పట్టుచీరలు నేసేవాడు, అన్న పూనాలో ఒక మిల్లులో పనికి కుదిరాడు. మా వీధిలో పదో తరగతి దాటిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఇంటర్ మొదటి ఏడు పరీక్షలు రాసి, నాకు ఇంగ్లీషు బాగా వచ్చునని నేనే నమ్ముతున్న ఆ ఎండాకాలంలో, ఒక మధ్యాహ్నం అన్న చేతిరాత కాని ఉత్తరం వచ్చింది.

మిల్లు సూపర్‌వైజరు రాసిన గొలుసుకట్టు ఇంగ్లీషు అది. నాయన మగ్గం గుంతలోంచి లేవకుండానే చదవమన్నాడు. ‘మెషీన్’ అర్థమైంది, ‘హాస్పిటల్’ అర్థమైంది, ఆ తర్వాత ‘డైడ్’ అన్న మాట దగ్గర కళ్ళు నిలిచిపోయాయి. ముందూ వెనకా కూడబలుక్కోకుండా, అన్న పోయినాడని అనేశాను. అమ్మ చేతిలోని గంప జారి పట్టు కండెలు నేలంతా దొర్లాయి. ఆమె ఏడుపు విని వీధివాళ్ళంతా వచ్చేశారు.

అవ్వ ఒక్కతే ఏడవలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“అంతా సదివినావా పాపా?”

“అంతా అర్థం కాలేదవ్వా.”

“అర్థం కాకుండానే నా మనవడు పోయినాడని ఎట్ల అంటివి? అర్థమయ్యేవాళ్ళు యాడుంటే ఆడికి పో, పో!”

నాకు ఇంగ్లీషు చెప్పిన అయ్యవారు రిటైరై పెనుకొండలో ఉండేవారు. నాయన చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. ప్యాసింజరు రైల్లో ఆ కాగితాన్ని మోకాళ్ళ మీద పరుచుకుని, క్లాసులో నేర్చుకున్నవన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ మళ్ళీ చదివాను. వాక్యం మొదట్లో చిన్నగా ‘ఇఫ్’ కనిపించింది. ఆ తర్వాత ‘హాడ్ నాట్’. ‘డైడ్’కు ముందు ‘వుడ్ హావ్’. నాయనకు చెప్పాలని నోటిదాకా వచ్చింది, కాని చెప్పలేకపోయాను. ఒకసారి తప్పు చదివి అన్నను చంపేశాను, ఇప్పుడు బతికించి, అదీ తప్పైతే ఆయన ఏమైపోతాడోనని భయం. కిటికీ ఊచ పట్టుకుని ఆయన బయటికి చూస్తున్నాడు. పెనుకొండ వచ్చేదాకా నేను ఆ వాక్యాన్నే మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

అయ్యవారు ఉత్తరాన్ని రెండుసార్లు చదివారు.

“కూర్చోప్పా. నీ కొడుకు బతికే ఉండాడు. టయానికి ఆస్పత్రికి తీసుకుపోకుంటే చచ్చిపోయుండేవాడు అని రాసినారు. కాలు విరిగిండాది, అంతే.”

“ఇంకోసారి చెప్పండి సామీ,” అన్నాడు నాయన. మూడుసార్లు చెప్పించుకుని, అరుగు మీద కూలబడి, అప్పుడు ఏడ్చాడు.

మూడు నెలలకు అన్న చేతికర్రతో రైలు దిగాడు. నాయన నన్ను ఒక్క మాటా అనలేదు. కాని ఆ తర్వాత ఇంగ్లీషులో ఏ కాగితం వచ్చినా నాకివ్వకుండా పెనుకొండకే తీసుకుపోయేవాడు. తిట్టి ఉంటే అంత బాధ ఉండేది కాదు. ఆ పట్టుదలతోనే నేను ఇంగ్లీషు టీచరునయ్యాను.

ఇప్పుడు ఏ భాషలో కబురొచ్చినా ఫోనుకు చూపిస్తే చాలు, అదే తెలుగులో చెప్పేస్తుంది. తప్పు చదివి ఇల్లంతా ఏడిపించే నాలాంటి పిల్లలు ఇక ఉండరు, మంచిదే. కాని నేను ఉద్యోగంలో చేరిన ఏడాది, నాయన పెనుకొండ రైలెక్కకుండా ఒక ఇంగ్లీషు కాగితం తెచ్చి నా చేతికిచ్చి, నేను చదివి ముగించేదాకా కదలకుండా నిలబడ్డాడు. ఒకరి చదువును నమ్మి అలా ఎదురుగా నిలబడేవాళ్ళు ఇప్పుడు ఏ ఇంట్లోనూ కనబడటం లేదు.