కొబ్బరినూనెతో పసిఫిక్‌లోకి

ఆ రోజుల్లో (నిండా ఆరేళ్లు కాలేదు గానీ, ఇప్పటి నన్ను చూస్తే ఆ రోజుల్లో అనే అనాలి) పుస్తకంలో చదివితే రాని విద్య ఉండదని నా నమ్మకం. కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఉద్యోగం, గుంటూరు నుంచి వచ్చిన రూమ్మేటు, ఇంటికి నాలుగు వీధుల అవతల లైబ్రరీ. డ్రైవింగ్, సాంబారు, టాక్స్ ఫారాలు అన్నీ అక్కడి పుస్తకాల్లోంచే నేర్చుకున్నాను. (సాంబారు సంగతి మా రూమ్మేటుని అడగకండి. అతన్ని అందరూ మామ అనేవారు, నేనూ అదే అనేవాణ్ణి, అతనూ నన్ను అదే అనేవాడు.)

అప్పుడే నాకు సంబంధాలు చూడటం మొదలైంది. బయోడేటా రాసే పని మామ తన మీద వేసుకున్నాడు. హాబీల దగ్గర నేను రీడింగ్ అంటే, "అది హాబీ కాదు మామా, కంప్లైంటు" అని కొట్టేసి, అంతకుముందే ఫోన్‌లో చూసిన అలల మీది ఆట, వింగ్ ఫాయిలింగ్ అని టైప్ చేశాడు. వర్జీనియాలోని షాంటిలీ నుంచి ఫోన్ చేసిన అమ్మాయి మొదట అడిగింది దాని గురించే. ఆ గొంతు నాకు ఎంత నచ్చిందంటే, అబద్ధమని చెప్పడానికి నోరు రాలేదు. ఆదివారం వెళ్తున్నానన్నాను. "అయితే వీడియో పంపండి" అంది.

ఆదివారంలోగా నాలుగు పుస్తకాలు చదివేశాను. చేతుల్లో గాలి నింపిన రెక్క, కాళ్ల కింద బోర్డు, బోర్డు అడుగున కడ్డీకి బిగించిన ఇంకో చిన్న రెక్క. పైరెక్క గాలికి లాగితే వేగం వస్తుంది, ఆ వేగానికి అడుగురెక్క బోర్డుని నీళ్లపైకి ఎత్తుతుంది. అంతే. చలి నీళ్లలో వేసుకునే రబ్బరు తొడుగు, అదే వెట్‌సూట్, బిగుతుగా ఉంటుంది, ఒంటికి జారుడుగా ఏదైనా రాసుకోమని కూడా ఒకచోట ఉంది. ఆదివారం పొద్దున కొబ్బరినూనె సీసా సగం ఒంపి, అమ్మ తలంటు పోసే పద్ధతిలో మెడ నుంచి అరికాళ్ల దాకా పట్టించాను.

బీచ్‌లో పాఠాలు చెప్పేది మామకి తెలిసిన ఆంటీ కూతురు, ఇక్కడే పుట్టిన కాలేజీ పిల్ల. ఇరవై ఏడేళ్ల నన్ను రాగానే అంకుల్ చేసేసింది.

"అంకుల్, ఫస్ట్ మోకాళ్ల మీదే. విండ్ ఇక్కడ చేంజ్ అవుతూ ఉంటది."

"తెలుసమ్మా" అని, నేల వేడెక్కితే సముద్రం మీంచి గాలి ఎందుకు వస్తుందో ఆమెకే వివరించాను. ఓపిగ్గా వింది. అంతా చెప్పేసరికి గాలి ఆగిపోయింది.

గాలి మళ్లీ లేచాక మొదలైంది నా ప్రదర్శన. మోకాళ్ల మీద బాగానే ఉన్నాను. లేచి నిలబడితే కాళ్లు చెరో దిక్కుకీ పోయేవి. పడ్డాను, ఎక్కాను, అల కొట్టింది, పడ్డాను. ఒడ్డు నుంచి మామ వీడియో తీస్తూ, "పుస్తకంలో ఇది ఏ పేజీ మామా?" అని అరిచాడు. చివరికి ఆ పిల్ల ఈదుకుంటూ వచ్చి, బోర్డుని వాసన చూసింది.

"అంకుల్, ఇది మా అమ్మమ్మ హెయిర్ లాగా స్మెల్ వస్తుంది."

చూద్దును కదా, ఆ చలి నీళ్లకి నూనె గడ్డకట్టి, నా అరికాళ్లు, బోర్డు తెల్లగా మెరుస్తున్నాయి. చలికాలం సీసాలో నూనె గడ్డకట్టడం పుట్టినప్పట్నుంచి చూసినవాణ్ణి, సముద్రంలోకి వెళ్లేసరికి మర్చిపోయాను.

ఒడ్డుకి తీసుకెళ్లి, గిన్నె తోమినట్టు ఇసుకతో నా కాళ్లు తోమించింది. తిరిగి నీళ్లలోకి వెళ్లేసరికి గాలి మళ్లీ పడిపోయింది. బోర్డు మీద కూర్చుని, అలలకి ఊగుతూ, షాంటిలీకి ఏం చెప్పాలా అనుకుంటున్నాను. ఎప్పుడొచ్చిందో ఒక్కసారి గాలి విసిరింది. లేచి నిలబడ్డాను. అలల చప్పుడు ఆగిపోయింది, బోర్డు జానెడు పైకి లేచింది. రెండు మూడు క్షణాలు. నాలుగు పుస్తకాల్లోనూ ఆ నిశ్శబ్దం గురించి ఒక్క ముక్క లేదు.

"ముందుదంతా కట్ చేసి ఇదొక్కటే పంపుదాం" అన్నాడు మామ, తిరుగు దారిలో. సరేనన్నాను గానీ మనసొప్పలేదు. ఈమెకి ఇదొక్కటే చూపిస్తే, జన్మంతా ఇదొక్కటే చూపిస్తూ బతకాలి. మొత్తం పంపేశాను. సాయంత్రం ఫోన్ మోగింది.

"ఈ హాబీ ఎప్పట్నుంచండీ?"

"ఈ పొద్దుట్నుంచండీ."

అవతల పగలబడి నవ్వింది.

పెళ్లయ్యాక ఆవిడ ఒక్క పేజీ చదవకుండా రెండు పాఠాల్లో నేర్చేసుకుంది. ఇప్పుడు ఆదివారాలు తను అలల మీద ఎగురుతుంటే, నేను ఇసుకలో పుస్తకం తెరుచుకుని కూర్చుని, గాలి ఎప్పుడు మారుతుందో కనిపెట్టి అరిచి చెబుతుంటాను. తనకి వినపడదు. ఆ పాటికే గాలిని పసిగట్టి తిరిగిపోయి ఉంటుంది కూడా. అయినా చెబుతూనే ఉంటాను.