ఎడంచేతి పిడి

పందొమ్మిదివందల అరవైలలో ధర్మవరంలో మగ్గాలు చేసే కొట్టంలో ఒక ఎడంచేతివాటం వడ్లాయన నా పక్కనే వడ్రంగం చేసేవాడు. పెనుకొండ సంతలో నేను తుప్పని వదిలేసిన రంపాన్ని ఆయప్ప కొన్నాడు. ఇటుకపొడితో తోమి, పండ్లకు ఆకురాయి పట్టి, తన చేతికి తగినట్టు తుమ్మకొయ్యతో పిడి చెక్కుకున్నాడు. చెక్కేది కొంచెం, పిడికిట్లో పట్టుకొని కండ్లు మూసుకునేది ఎక్కువ.

ఆ రంపం దారం పట్టినట్టు కోసేది. మేస్త్రి నా పక్క చూసేదే మానేసినాడు. కుళ్లు ఆపుకోలేక ఒకనాడు దాన్ని తీసి కోస్తే, పిడి నా అరచేతిని ఒత్తేసింది.

"నీకు కుదరదులేప్పా. దాంట్లో నా చెయ్యి ఉండాది," అని నవ్వినాడు.

హిందూపురానికి పోతా పోతా దాన్ని నాకే ఇచ్చినాడు. "పిడి మార్చుకోప్పా," అన్నాడు.

మార్చలేదు. ఎవురూ లేనప్పుడు ఎడంచేత్తో కోసి చూస్తాంటా. కోత ఇంకా వంకరే పోతాండాది.