అక్వేరియం పక్కన పెట్టిన బకెట్

చౌల్దారీ నుంచి నన్ను పోర్ట్ బ్లెయిర్‌కు మార్చింది పదవీ విరమణకు రెండేళ్ల ముందు, మంచి ఎండాకాలంలో. హోదా లైన్ ఇన్‌స్పెక్టర్. ఇళ్లలో కరెంటు ఫిర్యాదులు చూడడం నా పని. మిన్నీ బేలోని ఓ క్వార్టర్ నుంచి వచ్చిన ఫిర్యాదు మాత్రం నాకు కొత్త. అక్వేరియంలో చెయ్యి పెడితే షాక్ కొట్టినట్టు జిల్లుమంటోందట.

మేడ మెట్లెక్కి వెళ్తే తలుపుకి లోపల గడియ. వరండా కిటికీలోంచి చూస్తే గదంతా నీళ్లు. ఇంటాయన తల్లి శాంతమ్మగారు అప్పుడే నిద్ర లేచి మంచం మీద కూర్చున్నారు. ఇంట్లో ఇంకెవరూ లేరు.

జరిగిందేమిటో చూడగానే అర్థమైంది. మా దగ్గర వేసవిలో నల్లా నీళ్లు ఎప్పుడొస్తాయో తెలీదు. అందుకని నల్లా తిప్పి ఉంచి, పైపు బకెట్లో పడేసి, ఎవరి పని వాళ్లు చూసుకుంటారు. మా ఇంట్లోనూ అదే తంతు. చేపలకు పోసే ముందు బ్లీచింగ్ వాసన పోయేదాకా నీళ్లు నిలవ ఉంచాలి కాబట్టి, మోసే పని తప్పుతుందని బకెట్‌ను అక్వేరియం పక్కనే పెట్టారు. నీళ్లకంటే ముందు పైపులో గాలి తన్నుకొస్తుంది. ఆ ఊపుకి పైపు బకెట్లోంచి లేచి నేలమీద పడింది. చేపలకు గాలి కొట్టే మోటారు తగిలించిన ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా నేలమీదే ఉంది, సగం మునిగి. పైన ఫ్యాన్ నిక్షేపంలా తిరుగుతోంది.

"పానీ అంతా వేస్టయిపోతంది బాబూ, నల్లా బంద్ చేసొస్తాను," అంటూ ఆవిడ కాలు దించబోయారు.

గట్టిగా అరిచాను. పెద్దావిడ మీద అరవడం మర్యాద కాదు, కానీ అది మర్యాదలు చూసుకునే వేళ కాదు. నీళ్లలో కరెంటుందని చెప్పాను. కాలు వెనక్కి తీశారు గానీ చూపు పైపు మీదే ఉంది. మెయిన్ స్విచ్ నీళ్లకవతలి గోడకుంది, ఫ్యూజులేమో కింద మెట్ల దగ్గరి మీటర్ బోర్డులో. నేను కిందికి వెళ్తే ఆవిడ మంచం దిగేస్తారని భయం. తలగడ పక్కన తెలుగు బైబిలు కనబడింది. నేను తిరిగొచ్చేదాకా చర్చి పాట గట్టిగా పాడుతూ ఉండమన్నాను. గొంతు వినిపిస్తున్నంతసేపూ మంచం మీదే ఉన్నట్టు లెక్క.

పాట వింటూ దిగాను. మీటర్ బోర్డు తలుపు తుప్పు పట్టి ఎంతకీ రాలేదు. దాంతో కుస్తీ పడుతుండగానే పైన పాట ఆగిపోయింది. తలుపు ఊడబెరికి, రెండు ఫ్యూజులూ లాగి జేబులో వేసుకుని పైకి పరుగెత్తాను.

శాంతమ్మగారు నల్లా కట్టేసి, ఆ నీళ్లలోనే నిలబడి ఉన్నారు.

"పంకా ఆగింది గదా బాబూ, నువ్వే బంద్ చేసేవనుకున్నాను."

ఆవిడ దిగేటప్పటికి నా చెయ్యి ఇంకా ఫ్యూజుల దాకా పోలేదు. ఫ్యాన్ ఆగింది ఊళ్లో కరెంటు పోయి. ఆ సంగతి నేను చెప్పబోతుండగానే పక్కింట్లో టీవీ మోగింది. కరెంటు తిరిగొచ్చింది. ఈ ఇంట్లో మాత్రం ఫ్యాన్ కదల్లేదు.

ఆ తర్వాత ఏ ఇంట్లో అక్వేరియం కనబడినా అడగకపోయినా చెప్పేవాణ్ణి: పైపుని బకెట్‌కు కట్టండి, బోర్డుని గోడకెక్కించండి, పక్కన మనిషి లేకపోతే నల్లా తిప్పనే వద్దు. ఇక మా లైన్‌మెన్‌కి చెప్పింది వేరు. ఫ్యాన్ ఆగిందంటే ఫ్యాన్ ఆగిందనే. కరెంటు లేదని నమ్మాలంటే ఫ్యూజు మన జేబులో ఉండాలి.